రేసు కన్వర్టర్ వేశాక గేర్‌బాక్స్ ఆయిల్ కాగిపోతోంది: రోజూ నడిపే కారుకు 5000 స్టాల్ పనికొస్తుందా?

నల్లకారు_350
మూడు వారాల క్రితం కారులో టార్క్ కన్వర్టర్ (ఇంజన్ తిప్పుడును ఆయిల్ ద్వారా ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు అందించే భాగం) మార్చాను. అప్పటినుంచి బండి తీయాలంటేనే టెన్షన్‌గా ఉంది. వివరాలన్నీ రాస్తున్నాను, తప్పెక్కడుందో చూసి చెప్పండి.

ఇంజన్ చెవీ 350, అంటే 5.7 లీటర్ల వీ8. క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) ఓ మోస్తరుది, 0.050 అంగుళాల లిఫ్ట్ దగ్గర 224 డిగ్రీలు. గేర్‌బాక్స్ మూడు గేర్ల టీహెచ్350. వెనక యాక్సిల్ గేరు నిష్పత్తి 3.08, టైరు ఎత్తు 26 అంగుళాలు, కారు బరువు దాదాపు 1550 కిలోలు. రోజూ పనికి వెళ్ళేది ఇందులోనే. రేసుల జోలికి పోను.

క్యామ్ మార్చినప్పటి నుంచి ఒక ఇబ్బంది ఉండేది. న్యూట్రల్‌లో 850 ఆర్‌పీఎం తిరిగే ఇంజన్, డ్రైవ్‌లో వేయగానే 550కి పడిపోయి సిగ్నల్ దగ్గర ఆగిపోయేది. అడిగిన ప్రతివాళ్ళూ స్టాల్ పెంచమన్నారు. రేసు కారు విప్పేస్తున్న ఒకాయన దగ్గర 8 అంగుళాల కన్వర్టర్ దొరికింది. "5000 స్టాల్, ఒక్క సీజనే వాడాను" అన్నాడు, తెచ్చి వేశాను.

సిగ్నల్ సమస్య పూర్తిగా పోయింది. కానీ ఇప్పుడు పెడల్ తొక్కితే ఇంజన్ 2500 దాకా అరిచి, ఆ తర్వాత కారు కదులుతోంది. టాప్ గేర్‌లో 100 కి.మీ. వేగం దగ్గర టాకో (ఆర్‌పీఎం మీటర్) 3100 చూపిస్తోంది. అరగంట హైవే మీద పోయేసరికి ఆయిల్ పాన్‌లో 128 డిగ్రీలు. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ గోధుమ రంగుకు తిరిగి మాడిన వాసన వస్తోంది. పెద్ద ఆయిల్ కూలర్ వేస్తే సరిపోతుందా?

ఆయిల్_మరక
ముందు బండి పక్కన పెట్టండి. మాడిన వాసన వచ్చిందంటే క్లచ్ ప్లేట్ల మీద దెబ్బ మొదలైనట్టే. కూలర్ సంగతి తర్వాత చూద్దాం.

కొత్త_స్టీరింగ్
నాకు తెలియక అడుగుతున్నా. 5000 స్టాల్ అంటే ఇంజన్ 5000 తిరిగేదాకా కారు కదలదనే కదా? మరి మీది 2500కే ఎలా కదిలింది?

రెంచి_రాముడు
అవును, స్టాల్ కంటే కింద కదలకూడదు. కదిలిందంటే అది 5000ది కాదు. అమ్మినాయన అబద్ధం చెప్పి ఉంటాడు.

గేర్‌బాక్స్_పెద్దాయన
రాముడూ, తొందరపడకు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

స్టాల్ అంటే, గేర్‌బాక్స్ వైపు షాఫ్ట్‌ను కదలకుండా పట్టుకుని ఇంజన్‌ను పూర్తి థ్రాటిల్ మీద నడిపితే ఏ ఆర్‌పీఎం దగ్గర ఇక ఎక్కలేక నిలిచిపోతుందో ఆ అంకె. "పూర్తి థ్రాటిల్" అన్న మాట మరిచిపోవద్దు. పెడల్ కొంచెంగా తొక్కినప్పుడు ఇంజన్ ఇచ్చే టార్క్ తక్కువ, కాబట్టి ఆ అంకె కంటే చాలా కిందే కారు కదులుతుంది. 3000 స్టాల్ కారు 1300, 1400కే మెల్లగా కదిలిపోవడం నేను రోజూ చూస్తాను.

లోపల మూడు చక్రాలుంటాయి. ఇంజన్‌తో కలిసి తిరిగే ఇంపెల్లర్ ఆయిల్‌ను విసురుతుంది. ఆ ఆయిల్ తగిలి టర్బైన్ తిరుగుతుంది, దాని షాఫ్ట్ గేర్‌బాక్స్‌లోకి పోతుంది. టర్బైన్ నుంచి తిరిగొచ్చే ఆయిల్ ఎదురు దిశలో వస్తుంది. దాన్ని అలాగే వదిలేస్తే ఇంపెల్లర్‌కే అడ్డు తగులుతుంది. మధ్యలో ఉండే స్టేటర్ దాని దిశ మళ్ళించి ఇంపెల్లర్‌కు సాయంగా పంపుతుంది. నిలబడ్డ కారు కదిలేటప్పుడు టార్క్ రెండింతల దాకా పెరిగేది ఈ స్టేటర్ చలవే. టర్బైన్ వేగం అందుకున్నాక ఆయిల్ వచ్చి స్టేటర్ రెక్కల వీపు మీద కొడుతుంది. అప్పుడు దాని కింద ఉన్న వన్‌వే క్లచ్ (ఒక వైపే తిరగనిచ్చేది) వదిలేస్తుంది, స్టేటర్ కూడా మిగతా రెండింటితో కలిసి తిరిగిపోతుంది.

ఇంకోటి. స్టాల్ అంకె కన్వర్టర్ సొంత ఆస్తి కాదు. అదే కన్వర్టర్‌ను ఎక్కువ టార్క్ ఉన్న ఇంజన్‌కు తగిలిస్తే స్టాల్ పెరుగుతుంది, నీరసంగా ఉన్న ఇంజన్‌కు తగిలిస్తే తగ్గుతుంది. ఆ రేసు కారు ఇంజన్ వెనక 5000 ఇచ్చింది మన 350 వెనక 5000 ఇవ్వదు. కాబట్టి అమ్మినాయన అబద్ధం చెప్పాడని అనుకోనక్కర్లేదు.

లెక్కల_మాస్టారు
పెద్దాయన చెప్పినదానికి లెక్క ఇదీ. స్టాల్ ఆర్‌పీఎం టార్క్ వర్గమూలాన్ని బట్టి మారుతుంది. 400 న్యూటన్ మీటర్ల ఇంజన్ వెనక 2800 ఇచ్చే కన్వర్టర్, 540 న్యూటన్ మీటర్ల ఇంజన్ వెనక 3250 దాకా ఇస్తుంది. "నా స్నేహితుడి కారులో బాగుంది, నా కారులో బాలేదు" అనే గొడవల్లో సగం దీనివల్లే.

ఇక నల్లకారు గారి కారు. 26 అంగుళాల టైరు 100 కి.మీ. వేగంలో నిమిషానికి దాదాపు 803 సార్లు తిరుగుతుంది. దాన్ని 3.08తో గుణిస్తే 2470. టాప్ గేర్ 1:1 కాబట్టి కన్వర్టర్‌లో అసలు జారుడే (ఇంజన్ కంటే టర్బైన్ వెనకబడటం) లేకపోతే ఇంజన్ 2470 దగ్గర ఉండాలి. మీరు 3100 అన్నారు. అంటే 20 శాతం జారుతోంది.

సమతలంగా ఉన్న రోడ్డు మీద ఆ వేగంలో మీ కారుకు ఒక 15 కిలోవాట్లు కావాలనుకోండి. ఇంజన్ ఇచ్చేదాంట్లో ఐదో వంతు జారుడులో పోతుంది కాబట్టి అది 19 ఇవ్వాలి, మిగతా 4 కిలోవాట్లు ఆయిల్‌లో వేడిగా దిగుతాయి. నీళ్ళు కాచే 2 కిలోవాట్ల హీటర్లు రెండు తెచ్చి ఆయిల్ పాన్‌లో ముంచి, అరగంట పాటు స్విచ్ వేసి ఉంచినట్టు. 128 డిగ్రీలు వచ్చిందంటే ఆశ్చర్యం లేదు.

కొత్త_స్టీరింగ్
ఇప్పుడర్థమైంది. హీటర్ల పోలికతో మనసులో నాటుకుపోయింది.

క్వార్టర్‌మైల్
అందరూ భయపెడుతున్నారు కానీ, నేను 9 అంగుళాల 4000 స్టాల్‌తో నాలుగేళ్ళుగా రోడ్డు మీదే నడుపుతున్నాను. ట్రాక్‌కు కూడా ట్రైలర్ లేకుండా నడుపుకుంటూనే వెళ్తాను. పెద్ద ప్లేట్ కూలర్, దానికి ఫ్యాన్, లోతైన పాన్, అంతే. ఆయిల్ 95 దాటదు. సరైన కూలర్ ఉంటే ఏ స్టాలైనా నడుస్తుంది.

లెక్కల_మాస్టారు
@క్వార్టర్‌మైల్ మీ యాక్సిల్ ఎంత?

క్వార్టర్‌మైల్
4.10. ఎందుకు?

లెక్కల_మాస్టారు
అదే అసలు తేడా. మీ టైరు కూడా 26 అంగుళాలే అనుకుంటే 100 దగ్గర మీ ఇంజన్ 3300లో ఉంటుంది. ఆ వేగంలో మీ కన్వర్టర్ బాగా పట్టేస్తుంది. నల్లకారు గారిది 2470 దగ్గర ఉండాల్సిన కారు, పైగా మీదానికంటే చిన్న కన్వర్టర్. మీకు 3300 దగ్గర దొరికే పట్టు ఆయనకు 2470 దగ్గర దొరకదు.

క్వార్టర్‌మైల్
ఒప్పుకుంటాను. 3.08 అని చదివి కూడా ఆలోచించలేదు. అయినా కూలర్ పెంచడం తప్పు కాదు, ఏ కన్వర్టర్‌కైనా మంచిదే.

పాతబండి_ప్రేమ
సందర్భం వచ్చింది కాబట్టి చెబుతాను. ఈ తక్కువ స్టాలా, ఎక్కువ స్టాలా అన్న గొడవను 1965 నుంచి 67 దాకా బ్యూక్ వాళ్ళు కంపెనీలోనే తీర్చేశారు. వాళ్ళ సూపర్ టర్బైన్ 400 గేర్‌బాక్స్‌లో స్టేటర్ రెక్కలు రెండు కోణాల్లోకి తిరిగేవి. మామూలుగా పోతున్నప్పుడు ఒక కోణం, గట్టిగా తొక్కితే స్టాల్ పెరిగే ఇంకో కోణం. కరెంటుతో నడిచే వాల్వ్ ఆ మార్పు చేసేది. స్విచ్-పిచ్ అంటారు. ఇప్పటికీ వాటిని వెతికి, డాష్‌బోర్డు మీద స్విచ్ పెట్టుకుని వాడేవాళ్ళున్నారు. ఆ ఆలోచన మీద నాకున్న గౌరవం ఇంతా అంతా కాదు.

ఓవర్‌డ్రైవ్
అసలు కన్వర్టర్ మాట వదిలి గేర్‌బాక్స్ మార్చండి. నాలుగు గేర్ల 700ఆర్4 వేసుకుంటే మొదటి గేరు 3.06. మీ 3.08 యాక్సిల్‌తో గుణిస్తే 9.42. ఇప్పుడున్న టీహెచ్350 మొదటి గేరు 2.52, దానితో ఇదే ఊపు రావాలంటే 3.73 యాక్సిల్ కావాలి. యాక్సిల్ ముట్టుకోకుండానే 3.73 వేసినంత లాగుడు వస్తుంది. నాలుగో గేరు 0.70. 100 దగ్గర 1730 ఆర్‌పీఎం, పైగా ఇంపెల్లర్‌నూ టర్బైన్‌నూ కలిపి పట్టేసే లాకప్ క్లచ్ ఉంటుంది కాబట్టి జారుడు సున్నా. నేను 2800 స్టాల్ లాకప్ కన్వర్టర్‌తో ఆరేళ్ళుగా నడుపుతున్నాను. సిగ్నల్ దగ్గర వదులుగా, హైవే మీద మాన్యువల్ క్లచ్ పట్టినట్టు బిగుతుగా ఉంటుంది.

ఆయిల్_మరక
దాని థ్రాటిల్ కేబుల్ సంగతి కూడా చెప్పండి. ఆ టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ సరిగా సర్దకపోతే లోపల ప్రెషర్ తగ్గి క్లచ్‌లు మాడిపోతాయి. నా మొదటి 700ఆర్4 అలాగే పోయింది. కార్బ్యురేటర్ మార్చినప్పుడు కేబుల్ కోణం మారిందని తెలుసుకోలేదు.

ఓవర్‌డ్రైవ్
నిజమే. కార్బ్యురేటర్ దగ్గర సరైన బ్రాకెట్ పెట్టి, ప్రెషర్ గేజ్‌తో చూసుకున్నాకే రోడ్డెక్కాలి. 224 డిగ్రీల క్యామ్‌కు 1730 మరీ తక్కువ అనిపిస్తే అప్పుడు యాక్సిల్ 3.55కో 3.73కో మార్చుకోవచ్చు.

నల్లకారు_350
అందరికీ థాంక్స్. గేర్‌బాక్స్ మార్చే స్తోమత ఇప్పుడు లేదు. ఆయిల్, ఫిల్టర్ మార్చాను. పాన్‌లో అయస్కాంతం మీద మెత్తటి నల్లపొడి ఉంది కానీ లోహపు ముక్కలు లేవు. క్వార్టర్‌మైల్ అన్న చెప్పినట్టు పెద్ద ప్లేట్ కూలర్‌కు ఫ్యాన్ కూడా పెట్టి, ఆయిల్ రేడియేటర్‌లోంచి వెళ్ళాక దాంట్లోకి వచ్చేలా కలిపాను. జాగ్రత్తగా ఒక్కసారి నడిపి చూశాను. అదే రోడ్డు, అదే అరగంట. 128 నుంచి 117కి దిగింది, అంతే.

రెండోది, ఇంటి ముందు ఎత్తు మీదికి రివర్స్‌లో ఎక్కించాలంటే భయమేస్తోంది. 2000, 2200 దాకా తొక్కినా కదలదు, ఒక్కసారిగా కదిలి వెనక్కి దూకుతుంది.

గేర్‌బాక్స్_పెద్దాయన
117 కూడా ఎక్కువే. పాన్‌లో 80, 95 మధ్య ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. 93 దాటాక ప్రతి 11 డిగ్రీలకూ ఆయిల్ ఆయుష్షు సగమవుతుందని మా పనిలో ఒక మోటు లెక్క. పైగా పాన్‌లో చూసేది చల్లారి వచ్చిన ఆయిల్. కన్వర్టర్ నుంచి కూలర్‌కు పోయే పైపులో చూస్తే ఇంకా ఎక్కువ ఉంటుంది.

ఒక ప్రశ్న, బాగా గుర్తు చేసుకుని చెప్పు. 80, 90 దాటాక కారు ఎలా ఉంది? ఎవరో వెనకనుంచి పట్టుకున్నట్టు అనిపిస్తుందా? ఇంకా తొక్కితే వేగం పెరుగుతుందా, ఊరికే చప్పుడు పెరుగుతుందా?

నల్లకారు_350
మీరు పక్కన కూర్చుని చూసినట్టు చెప్పారు. 110 దాటడం గగనమైపోతోంది. పాత కన్వర్టర్‌తో 140 అవలీలగా వెళ్ళేది. ఇంజన్ ట్యూనింగ్ చెడిందేమో అనుకుని టైమింగ్ కూడా చూశాను, బాగానే ఉంది.

గేర్‌బాక్స్_పెద్దాయన
అయితే నా అనుమానం స్టేటర్ మీద. కింది వేగంలో లాగుడు బాగుండి, పై వేగంలో బిగబట్టినట్టుండి, మామూలుగా పోతున్నా వేడెక్కుతోందంటే స్టేటర్ తిరగాల్సిన చోట తిరగడం లేదని అర్థం. దీనికి తిరగబడ్డ జబ్బు కూడా ఉంది. వన్‌వే క్లచ్ పూర్తిగా పోయి స్టేటర్ రెండు వైపులా తిరిగిపోతే, పై వేగంలో బాగుండి నిలబడ్డ చోటనుంచి కదిలేటప్పుడు నీరసంగా ఉంటుంది. ఈ రెండు లక్షణాలూ తెలిస్తే గేర్‌బాక్స్ విప్పకముందే సగం పని అయిపోయినట్టే.

రెంచి_రాముడు
బ్రేకు తొక్కి పట్టి, డ్రైవ్‌లో ఫుల్‌గా తొక్కి స్టాల్ ఎంతొస్తుందో చూస్తే తెలిసిపోదా?

ఆయిల్_మరక
ఆ కన్వర్టర్‌తో ఆ పరీక్ష వద్దు. అంత టార్క్‌కు వెనక బ్రేకులు ఆగవు, చక్రాలు తిరిగి కారు ముందుకు దూకుతుంది. మామూలు కన్వర్టర్‌తో చేసినా ఐదు సెకన్లు మించకూడదు. తర్వాత న్యూట్రల్‌లో ఒకటి రెండు నిమిషాలు తిప్పి చల్లార్చాలి. కారు కదలకుండా ఉన్నప్పుడు ఇంజన్ శక్తి మొత్తం ఆయిల్‌ను కాచడానికే పోతుంది.

రెంచి_రాముడు
సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

క్వార్టర్‌మైల్
పెద్దాయనా, మీరు స్టేటర్ అన్నాక నాకొకటి తట్టింది. బాగా శక్తి ఉన్న డ్రాగ్ రేసు కార్లకు వన్‌వే క్లచ్ లేని కన్వర్టర్లు చేస్తారు. స్ప్రాగ్‌లెస్ అంటారు. ఆ శక్తికి స్టేటర్ కింద ఉన్న క్లచ్ విరిగిపోతుంటుంది కాబట్టి, అది తీసేసి స్టేటర్‌ను కదలకుండా బిగించేస్తారు. పరుగు కొన్ని సెకన్లలో అయిపోతుంది, తర్వాతి పరుగు దాకా చల్లారుతుంది, వాళ్ళకు అది చాలు. నల్లకారు తమ్ముడు కొన్నది రేసు కారులోదే కదా!

గేర్‌బాక్స్_పెద్దాయన
నేనూ అక్కడికే వస్తున్నాను. వన్‌వే క్లచ్ పట్టేసిందా, అసలు లేదా అన్నది బండిలో ఉండగా తేలదు. దించాల్సిందే.

దించాక బల్ల మీద పెట్టి, మెడలోంచి వేలు పోనిస్తే లోపల పళ్ళున్న రింగు తగులుతుంది. దాన్ని తిప్పి చూడు. సవ్యంగా తిప్పితే తేలిగ్గా జారిపోవాలి. అపసవ్యంగా తిప్పితే పట్టుకోవాలి, లేదా స్టేటర్ చక్రం మొత్తాన్ని మోసుకొస్తూ బరువుగా కదలాలి. రెండు వైపులా ఒకే బరువు అనిపిస్తే క్లచ్ లేదన్నా లేనట్టే, పట్టేసిందన్నా పట్టేసినట్టే. ఎలాగైనా అది రోడ్డుకు పనికిరాదు.

నల్లకారు_350
ఆదివారం దించాను. మెడ అంచును గుడ్డతో తుడిచి, వేలు లోపలికి పెట్టాను. రింగు పళ్ళు వేలికి గుచ్చుకుంటున్నాయి, ఆయిల్ జిడ్డుకు పట్టు దొరకదు. సవ్యంగా తిప్పితే లోపల పెద్ద బరువేదో ఆయిల్‌లో ఈదుతున్నట్టు నెమ్మదిగా కదిలింది. అపసవ్యంగా తిప్పినా అదే బరువు, అదే నెమ్మది. పోల్చుకోవడానికి పాత కన్వర్టర్‌లో వేలు పెట్టాను. ఒక వైపు చిన్న బేరింగ్ తిరిగినట్టు సర్రున జారింది, ఇంకో వైపు గట్టిగా ఆగింది. చిన్న పిల్లాడికి వేలు పెట్టమన్నా తేడా తెలిసిపోతుంది.

గేర్‌బాక్స్_పెద్దాయన
బాగా చూశావు. తెలిసిన కన్వర్టర్ల వర్క్‌షాప్ ఏదైనా ఉంటే కోయించు. అనుమానం ఎందుకు మిగలాలి?

నల్లకారు_350
కోయించాను, దగ్గరుండి చూశాను. లేతు మీద ఎక్కించి చుట్టూ ఉన్న వెల్డింగ్ గీత వెంబడి కోస్తే రెండు చిప్పలుగా విడిపోయింది. స్టేటర్ ఉక్కుది, చేతికి భలే బరువుగా ఉంది. మామూలుగా మధ్యలో రోలర్లు, చిన్న స్ప్రింగులు ఉండాల్సిన చోట అంతా ఒకే ముద్ద, మధ్యలో పళ్ళు మాత్రం కోశారు. అరుగుదల లేదు, ఎక్కడా గీత కూడా లేదు. క్వార్టర్‌మైల్ అన్న చెప్పిందే నిజం. అది పాడైన కన్వర్టర్ కాదు, చాలా మంచి కన్వర్టర్. నా కారుది కాదు, అంతే. అమ్మినాయన మీద కోపం లేదు. ఆయన రేసు కన్వర్టర్ అనే చెప్పాడు, నేనే అడగాల్సినవి అడగలేదు.

కొత్త_స్టీరింగ్
అయితే పాత కన్వర్టర్ కొనేటప్పుడు ఏం అడగాలి?

క్వార్టర్‌మైల్
స్ప్రాగ్ (ఆ వన్‌వే క్లచ్) ఉందా లేదా, ఏ ఇంజన్ వెనక, ఎంత టార్క్ దగ్గర ఆ స్టాల్ వచ్చింది, ఆ అంకె ఎలా చూశారు. ఈ చివరిది ముఖ్యం. బ్రేకు మీద చూసిన అంకె వేరు, ఒక్కసారిగా తొక్కినప్పుడు ఎగిరి నిలిచే ఫ్లాష్ స్టాల్ వేరు, ట్రాన్స్‌బ్రేక్ (గేర్‌బాక్స్‌నే కదలకుండా పట్టి ఉంచేది) మీద చూసింది వేరు. ఒకే కన్వర్టర్‌కు ముగ్గురు మూడు అంకెలు చెబుతారు, ముగ్గురూ నిజమే చెబుతారు.

నల్లకారు_350
ఇప్పుడు కొత్తది చేయించుకోవాలి. ఎంత స్టాల్ అడగమంటారు?

గేర్‌బాక్స్_పెద్దాయన
అంకె అడగొద్దు. కారు వివరాలివ్వు. బరువు, ఇంజన్ సైజు, కంప్రెషన్, క్యామ్ కార్డు (క్యామ్ కొలతల కాగితం), గేర్‌బాక్స్, యాక్సిల్, టైరు ఎత్తు, రోజూ ఎలా నడుపుతావు, అన్నీ. చేసేవాడు వాటిని చూసి స్టేటర్, రెక్కల కోణం ఎంచుకుంటాడు. నా అంచనా, 10 అంగుళాలది ఫ్లాష్ 2600 నుంచి 2800 మధ్య వచ్చేట్టు. రెక్కలు ఫర్నేస్ బ్రేజింగ్ చేసినవీ (కొలిమిలో లోహంతో అతికించినవీ), లోపల నీడిల్ బేరింగులూ కావాలని మాత్రం చెప్పు.

ఓవర్‌డ్రైవ్
3.08కి 2800 ఎక్కువ కాదా? నేనైతే 2400 దగ్గర ఆగుతాను. నా 2800 లాకప్ ఉండబట్టే బాగుంది.

గేర్‌బాక్స్_పెద్దాయన
మామూలు క్యామ్ అయితే నేనూ 2200, 2400 అనేవాడిని. 224 డిగ్రీలకు కింద వాక్యూమ్ బలహీనంగా ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఇంజన్‌ను ఈడ్చకూడదన్నదే కదా మొదటి బాధ. మంచి 10 అంగుళాల కన్వర్టర్ ఫ్లాష్ 2800 ఇచ్చినా, నెమ్మదిగా తొక్కినప్పుడు బిగుతుగానే ఉంటుంది. అంకె ఒకటే అయినా పనితనంలో తేడా అక్కడే తెలుస్తుంది.

ఓవర్‌డ్రైవ్
నాకింకా నమ్మకం కుదరలేదు. వేశాక 100 దగ్గర టాకో ఎంతో చెప్పండి, చూద్దాం.

ఆయిల్_మరక
ఎక్కించేటప్పుడు రెండు సంగతులు. ముందు కన్వర్టర్‌లో ఒక లీటరు ఆయిల్ పోసుకోండి, మొదటి తిప్పుకే పంపు ఎండిపోకుండా ఉంటుంది. తర్వాత గేర్‌బాక్స్ మీద పెట్టి, లోపలికి నొక్కుతూ తిప్పుతూ ఉంటే "టక్" మని ఒకసారి, ఇంకోసారి, మూడోసారి లోపలికి దిగుతుంది. ఇన్‌పుట్ షాఫ్ట్, స్టేటర్ షాఫ్ట్, చివరగా పంపు గేరు. మూడో టక్ వినిపించకుండా బోల్టులు బిగిస్తే పంపు గేరు పగులుతుంది. గేర్‌బాక్స్‌ను ఇంజన్‌కు పూర్తిగా బిగించాక కన్వర్టర్‌కూ ఫ్లెక్స్‌ప్లేట్‌కూ (ఇంజన్ వెనక తిరిగే పలకకూ) మధ్య 3 నుంచి 5 మి.మీ. ఖాళీ ఉండాలి. అప్పుడు ముందుకు లాక్కుని బోల్టు చేయండి. ఖాళీ అసలే లేకపోతే బోల్టులతో లాగి దగ్గర చేసే పని మాత్రం చేయకండి, మళ్ళీ దించండి.

కూలర్, పైపులు కూడా కడగండి. మాడిన ఆయిల్‌లోని పొడి అక్కడ దాక్కుంటుంది.

రెంచి_రాముడు
ఈ టక్కుల లెక్క నేను రాసి గ్యారేజ్ గోడకు అంటించుకుంటున్నా.

నల్లకారు_350
నెల రోజుల తర్వాత వస్తున్నాను, ఆలస్యానికి ఏమీ అనుకోకండి. కొత్త 10 అంగుళాల కన్వర్టర్ వేశాను. రెండో టక్ తర్వాత ఇక దిగలేదు. ఇరవై నిమిషాలు తిప్పుతూ నొక్కుతూ కూర్చున్నాను, ఆఖరికి మూడోది వినిపించింది. కొలిస్తే ఖాళీ 4 మి.మీ.

ఖాళీ రోడ్డు మీద ఫ్లాష్ చూశాను, 2750. డ్రైవ్‌లో సిగ్నల్ దగ్గర ఇంజన్ 750 మీద నిలకడగా ఉంది, బ్రేకు మీద తేలిగ్గా కాలు పెడితే చాలు. 1400కే మెత్తగా కదులుతోంది. ఓవర్‌డ్రైవ్ గారూ, మీరడిగిన అంకె: 100 దగ్గర 2600. అరగంట తర్వాత పాన్‌లో 86 డిగ్రీలు. ఎత్తు మీదికి రివర్స్‌లో ఎక్కించేటప్పుడు ఇప్పుడు కారు దూకడం లేదు, అంగుళం అంగుళం జరపగలుగుతున్నాను. మా పాప ఇదివరకు "నాన్నా, ముందు చప్పుడొస్తుంది, తర్వాత కారొస్తుంది" అనేది. ఇప్పుడు రెండూ కలిసే వస్తున్నాయట.

లెక్కల_మాస్టారు
2470 కి 2600. జారుడు 5 శాతం. మంచి అంకె. అప్పుడు నాలుగు కిలోవాట్లు వృథా అయిన చోట ఇప్పుడు ఒకటి కూడా లేదు.

ఓవర్‌డ్రైవ్
పెద్దాయన లెక్కే నిజమైంది, ఒప్పుకున్నాను. అయినా డబ్బు చేరాక 700ఆర్4 గురించి ఆలోచించండి, నా మాట వదలను.

కొత్త_స్టీరింగ్
ఆ కోసిన స్టేటర్ ఫొటో పెట్టండి అన్నా, రోలర్లు ఉండాల్సిన చోటు ఎలా ఉందో చూడాలి.

నల్లకారు_350
రాత్రికి పెడతాను. పాత కంపెనీ కన్వర్టర్‌ను కూడా కోయించి రెండూ పక్కపక్కన పెట్టి తీస్తాను, తేడా కనబడాలి.

గేర్‌బాక్స్_పెద్దాయన
తప్పకుండా పెట్టు. 1000 కిలోమీటర్లు తిరిగాక పాన్ మళ్ళీ విప్పి అయస్కాంతం చూడు. ఆ 128 డిగ్రీల్లో క్లచ్ ప్లేట్లు ఎంత తిన్నాయో అప్పుడు తెలుస్తుంది. పొడి మెత్తగా, కొంచెమే ఉంటే సరే. గరుకుగా చేతికి తగిలితే ఆగకుండా ఇక్కడ రాయి.